మేటి మొక్క ఏ జంటకు పుడుతుంది?

చేతిలో ఇరవై మంచి రకాలుంటే 190 జంటలు కట్టవచ్చు. పొలం, కూలీలు, డబ్బు సరిపోయేది మాత్రం పదో పదిహేనో జంటలకే. ఏ జంటలను ఎంచుకోవాలన్నది వంగడాలు తయారుచేసే ప్రతి శాస్త్రవేత్తకూ ఏటా ఎదురయ్యే ప్రశ్న. మంచిదాన్ని మంచిదానితో కలపడమే చాలాకాలం దానికి దొరికిన జవాబు. జన్యువుల ప్రభావాలు కూడికలా పనిచేసినంతవరకు తల్లిదండ్రుల సగటే పిల్లల సగటు. అయితే సగటు మొక్కను ఎవరూ విడుదల చేయరు. వందల మొక్కల్లోంచి ఏరిన ఒకటో రెండో రైతు దాకా వెళ్తాయి.

జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయంలో ష్నెల్, ఉట్జ్ 1975లో దీన్ని లెక్కలోకి దించారు. ఒక జంట సంతతి సగటు ఎకరాకు 25 క్వింటాళ్లు, పిల్లల మధ్య తేడాను కొలిచే ప్రామాణిక విచలనం 1 అనుకుందాం. రెండో జంటకు సగటు 24, విచలనం 2. నూటికి ఐదు మొక్కలను ఉంచుకుంటే, ఏరడంలో పొరపాటు జరగకపోతే, ఉంచుకున్నవి సగటు కంటే సుమారు రెండు విచలనాల ఎత్తున ఉంటాయి. మొదటి జంటకు 27, రెండోదానికి 28. సగటులో వెనకబడిన జంటే గెలిచింది.

చిక్కేమిటంటే, సగటును ముందే అంచనా కట్టవచ్చు కానీ విచలనం మాత్రం ఆ జంటను కలిపి, పిల్లలను పెంచి చూస్తేనే తెలిసేది. అప్పటికి ఖర్చు అయిపోయినట్టే.

రకాల మధ్య తేడాలను డీఎన్‌ఏలోనే గుర్తుపట్టే మార్కర్లు వచ్చాక ఆశ చిగురించింది. తల్లిదండ్రుల మధ్య జన్యుదూరం పెరిగితే పిల్లల్లో వైవిధ్యమూ పెరగాలి కదా అనుకున్నారు. 1999లో బోన్, ఉట్జ్, మెల్కింగర్ శీతాకాలపు గోధుమల్లో పరీక్షించి చూస్తే ఆ పొంతన కుదరలేదు. పాతికేళ్ల నాటి తన ప్రశ్నను ఉట్జ్ వదిలిపెట్టలేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా గౌరవం కలిగించే సంగతి అదే.

దూరం ఎందుకు పనిచేయలేదు? ఒకే క్రోమోజోమ్‌పై పక్కపక్కనే రెండు జన్యువులున్నాయనుకోండి. మొదటిదాని మంచి రూపం విలువను 3 పెంచుతుంది, చెడ్డ రూపం 3 తగ్గిస్తుంది. రెండోదానికి ఆ అంకె 2. రెండు మంచి రూపాలూ తల్లిలోనే ఉంటే, అవి కలిసే సంక్రమిస్తాయి కనుక, స్థిరపడిన పిల్లలు దాదాపుగా +5 లేదా −5. ఒక మంచి రూపం తల్లిలో, రెండోది తండ్రిలో ఉంటే పిల్లలు +1 లేదా −1. రెండు జంటల్లోనూ తల్లిదండ్రులు ఆ రెండు చోట్లా భిన్నమే. జన్యుదూరం సమానం. వైవిధ్యం, అంటే విచలనం వర్గం, చూస్తే మొదటి జంటకు 25, రెండోదానికి 1! ప్రతి మార్కర్‌కూ ఎంత ప్రభావముంది, మంచి రూపం ఎవరి వైపుంది, పొరుగు జన్యువుతో ఎంత దగ్గరగా ఉంది అన్న మూడూ తెలియనిదే లెక్క తేలదు.

ఈ మూడింటిలో మొదటిదానికి దారి పశు ప్రజననం వైపు నుంచి వచ్చింది. 2001లో మ్యూవిసెన్, హేస్, గొడ్డార్డ్ జీనోమ్ అంతటా పరిచిన మార్కర్లన్నిటి ప్రభావాలనూ ఒకేసారి అంచనా వేసే పద్ధతులను చూపారు. 2007లో ఝోంగ్, జానింక్ జన్యువుల ప్రభావాల ఆధారంగా జంటల సగటునూ వైవిధ్యాన్నీ కలిపి తూచారు.

అమెరికాలోని మిన్నెసోటాలో ఈ పని పొలం గట్టు దాకా వచ్చింది. అక్కడ 1993లో ఫ్యుజేరియం కంకి తెగులు గోధుమ, బార్లీ పంటలను తీవ్రంగా దెబ్బతీసింది. ఆ శిలీంధ్రం గింజలో విషం వదులుతుంది. అలాంటి బార్లీని బీరు తయారీదారులు కొనరు. పైగా తెగులును తట్టుకున్నట్టు కనిపించే మొక్కలు తరచూ పొడవుగా, ఆలస్యంగా కంకి వేసేవిగా ఉంటాయి. ఒక గుణం కోసం ఏరితే అక్కర్లేని గుణం వెంట వస్తుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొహమ్మదీ, టీడీ, స్మిత్ 2015లో ప్రకటించిన పాప్‌వార్ అనే ప్రోగ్రామ్ ఈ అవసరానికి సరిగ్గా సరిపోయింది. ఇంకా కలపని జంటకు కంప్యూటర్‌లోనే పిల్లలను పుట్టించి, వాటి మార్కర్ల విలువలు కూడి, వైవిధ్యంతో పాటు ఒక గుణాన్ని ఏరితే మరో గుణం ఎటు జరుగుతుందో కూడా చెబుతుంది. రెండేళ్ల తర్వాత లెహెర్‌మైయర్, టెయ్‌సెద్ర్, షోన్ ఈ వైవిధ్యాన్ని పిల్లలను పుట్టించకుండానే సూత్రంతో రాబట్టారు. మార్కర్ ప్రభావాల్లోని అనిశ్చితిని కూడా అందులో కలిపారు.

పొలం ఏమంది? 2019లో నెయ్‌హార్ట్, స్మిత్ బార్లీ జంటలపై అంచనాలను సరిచూశారు. సగటు అంచనా బాగానే కుదిరింది. వైవిధ్యం అంచనా అంతకంటే బలహీనంగా నిలిచింది. ఇందులో ఆశ్చర్యం లేదు. వైవిధ్యాన్ని పొలంలో నమ్మకంగా కొలవాలంటే ఒక్కో జంటకూ చాలా మొక్కలు కావాలి. పైగా మార్కర్ ప్రభావాలను జాగ్రత్త కోసం సున్నా వైపు కుదించి అంచనా వేస్తారు కాబట్టి, వాటి నుంచి కూడిన వైవిధ్యం కూడా అసలుకంటే తక్కువగా తేలుతుంది. జంటల మధ్య సగటుల్లో ఉన్నంత తేడా విచలనాల్లో సాధారణంగా ఉండదు. అందుకే ఈనాటికీ జంటల వరుసను ఎక్కువగా సగటే నిర్ణయిస్తుంది. సగటులు దాదాపు సమానమైన జంటల దగ్గర, వందల్లోంచి ఒకటో రెండో ఏరే చోట మాత్రం వైవిధ్యం అంచనా మాటే చెల్లుతుంది.