ఆటలో తుపాకులు, నాన్నగారి ఫోర్‌బైటూ



గుడిలో ఆదివారం తెలుగు క్లాసుకి వచ్చే పిల్లలు "పండగలు, వంటలు కాకుండా ఇంకేమైనా రాయండి ఆంటీ" అన్నారు. సరే, ఈసారి తుపాకుల గురించి రాస్తున్నాను. నవ్వకండి. గుడిలో పులిహోర కలిపే మనిషికి తుపాకులతో ఏం పని అని మా ఆయన కూడా అడిగారు.

కారణం మా మనవడు. వాడికి పదిహేనేళ్ళు. 'కంపెనీ ఆఫ్ హీరోస్' అనే వీడియో గేమ్ ఆడతాడు. రెండో ప్రపంచ యుద్ధం మీద తీసిన ఆట. కెనడాలో వాంకూవర్‌లో ఉన్న రెలిక్ అనే సంస్థ 2006లో మొదటి ఆట తెచ్చింది. మూడోది 2023లో వచ్చింది. అందులో యుద్ధం ఇటలీలో, ఉత్తర ఆఫ్రికాలో జరుగుతుంది. ఆడేవాడు పైనుంచి చూస్తూ దళాలను నడపాలి. చదరంగం లాంటిదే, కాని ఎదుటివాడు తన వంతు వచ్చేదాకా ఆగడు.

మొన్న సెలవుల్లో వాడి పక్కన కూర్చుని చూస్తున్నాను. తెర మీద ఒక బ్రిటిష్ సిపాయి, చేతిలో పొడుగు తుపాకి. "అమ్మమ్మా, దీన్ని లీ ఎన్‌ఫీల్డ్ అంటారు" అన్నాడు. నేను ఆలోచించకుండానే "త్రీ నాట్ త్రీ" అన్నాను. వాడు ఆట ఆపేసి నా వైపు తిరిగాడు. "నీకెలా తెలుసు?"

నాకు తెలియదు. మా నాన్నగారికి తెలుసు. ఆయనది గోదావరి జిల్లాలో పల్లెటూరు. పంతొమ్మిదేళ్ళకి మద్రాస్ సాపర్స్‌లో చేరారు. బెంగుళూరులో కవాతు నేర్చుకుని, ఓడ ఎక్కి ఇటలీ దాకా వెళ్ళారు. సాపర్లు అంటే సైన్యంలో ఇంజనీరు పని చేసేవాళ్ళు. వంతెనలు కడతారు, దారులు వేస్తారు, నేలలో పాతిన మందుపాతరలు వెతికి తీస్తారు. వాళ్ళ దగ్గరా తుపాకి ఉంటుంది. నాన్నగారి దగ్గర ఉన్నది త్రీ నాట్ త్రీ.

మనవడికి చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే ఏమీ లేదు. అందుకని నేను చదవడం మొదలుపెట్టాను. చదివింది మీకు చెప్తాను.

ముందు ఆ పేరు. దాని గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళం. అందుకే త్రీ నాట్ త్రీ. మన దేశంలో పోలీసుల చేతిలో చాలామంది చూసిన తుపాకి ఇదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి వీడ్కోలు చెప్పింది 2020లో! నాన్నగారి రోజుల్లో ఇండియన్ ఆర్మీ దగ్గర ఎక్కువగా ఉన్న రకం 1907లో మొదలైంది. బరువు సుమారు నాలుగు కిలోలు. లోపల పది తూటాలు పడతాయి. ఒక్కసారి పేల్చాక చేత్తో బోల్ట్ వెనక్కి లాగి, మళ్ళీ ముందుకి తోస్తే ఇంకో తూటా గొట్టంలోకి వెళ్తుంది. ఈ బోల్ట్ చాలా తేలిగ్గా కదిలేది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే బ్రిటిష్ సిపాయిలకి నిమిషానికి పదిహేను సార్లు గురి చూసి కాల్చడం నేర్పేవారు.

జర్మన్ సిపాయి తుపాకి పేరు కరాబినర్ 98కె. 1935 నాటిది. అదీ బోల్ట్ తుపాకే, కాని అయిదు తూటాలే పడతాయి. అమెరికన్ల తుపాకి ఎం1 గరాండ్. దాన్ని తయారు చేసిన జాన్ గరాండ్ కెనడాలో పుట్టినవాడు. అమెరికా సైన్యం 1936లో దాన్ని తీసుకుంది. దీనికి బోల్ట్ లాగే పని లేదు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా. ఎనిమిది అయిపోగానే లోపలున్న రేకు క్లిప్పు 'పింగ్' అని బయటికి ఎగురుతుంది. మా మనవడికి ఆ చప్పుడంటే ఎంతో ఇష్టం.

ఈ మూడు తుపాకులని పక్కపక్కన పెడితే ఎవరిది గొప్పది అని అడగాలనిపిస్తుంది. వాడూ అదే అడిగాడు. చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, అది సరైన ప్రశ్న కాదు. తుపాకిని ఒక్కదాన్నే చూడకూడదు. దాని చుట్టూ ఎంతమంది, ఎవరు ఏం మోస్తున్నారు అని చూడాలి.

జర్మన్ల దళానికి మధ్యలో ఉండేది మరతుపాకి, అంటే మెషిన్ గన్. 1942లో వచ్చిన ఎంజి 42. నిమిషానికి సుమారు 1200 తూటాలు. అంటే సెకనుకి ఇరవై. అంత వేగంగా పేలితే చెవికి ఒక్కొక్క తూటా విడిగా వినపడదు. "బట్ట చింపినట్టు ఉండేదమ్మా" అని నాన్నగారు ఒక్కసారి అన్నారు. చిన్నప్పుడు నాకది అర్థం కాలేదు. తర్వాత పుస్తకాల్లో చూస్తే, విన్నవాళ్ళు చాలామంది ఇదే మాట చెప్పారు. జర్మన్ దళంలో రైఫిల్ పట్టుకున్నవాళ్ళ ముఖ్యమైన పని ఈ మరతుపాకిని కాపాడటం, దానికి తూటాలు మోయటం.

బ్రిటిష్ వాళ్ళకి, ఇండియన్ ఆర్మీకి అలాంటిది బ్రెన్ గన్. చెక్ దేశంలో బ్రనో ఊరిలో పుట్టిన నమూనాని ఇంగ్లండ్‌లో ఎన్‌ఫీల్డ్‌లో తయారు చేశారు. రెండు ఊళ్ళ మొదటి అక్షరాలు కలిపి బ్రెన్. నిమిషానికి సుమారు 500 తూటాలే, కాని గురి బాగా కుదిరేది. పైన వంకర పెట్టె ఒకటి ఉంటుంది, అందులో ముప్పై తూటాలు. దళంలో ప్రతివాడి సంచిలో బ్రెన్ కోసం నిండిన పెట్టెలు ఉండేవి. తుపాకి ఒకడిది, బరువు అందరిదీ. రైఫిల్‌కీ బ్రెన్‌కీ ఒకటే తూటా, ఆ 0.303. కాబట్టి ఒకరిది అయిపోతే ఇంకొకరు ఇవ్వొచ్చు.

అమెరికన్లు మాత్రం దళంలో చాలామంది సిపాయిల చేతిలో గరాండ్ పెట్టారు. అంత వేగంగా పేలే రైఫిల్ అంతమందికి ఇవ్వాలంటే కర్మాగారాలు ఉండాలి, డబ్బు ఉండాలి. వాళ్ళకి రెండూ ఉన్నాయి.

ఇంక ఆట సంగతి. ఒక విషయం ఆట బాగా చూపిస్తుంది. ఎంజి 42 పేలడం మొదలుపెట్టగానే ఎదురుగా వస్తున్న దళం నేల మీద పడుకుంటుంది. తర్వాత పాకుతుంది. తర్వాత అసలు కదలదు. ఎదురుగా వెళ్తే లాభం లేదు, పక్కనుంచి చుట్టి రావాలి. ఇది నిజం. మరతుపాకి పని చంపడం మాత్రమే కాదు, తల ఎత్తనివ్వకపోవడం. పదిహేనేళ్ళ పిల్లాడు ఈ సంగతి ఆటలో నేర్చుకున్నాడు. నేను కాలేజీ చరిత్ర పుస్తకంలో కూడా నేర్చుకోలేదు.

ఆట చూపించనివి కూడా ఉన్నాయి. ఎంజి 42 గొట్టం కొన్ని వందల తూటాలకే కాలిపోయేంత వేడెక్కుతుంది. దాన్ని తీసి కొత్త గొట్టం పెట్టాలి. మామూలు రైఫిల్‌కి ఆటలో తూటాలు ఎప్పటికీ అయిపోవు. దూరాలు కుదించారు. ఇవన్నీ చిన్న విషయాలు, ఆట అన్నాక తప్పదు. కాని ఒక్కటి నన్ను ఆపింది. ఆటలో మూడు రకాల సామాను ఉంటుంది: మనుషులు, మందుగుండు, ఇంధనం. మూడింటికీ తెర మీద అంకెలు ఉంటాయి. దళంలో ఒకడు చనిపోతే ఒక బటన్ నొక్కితే చాలు, మొదటి అంకె కొంచెం తగ్గి, ఇంకొకడు పరుగెత్తుకుంటూ వస్తాడు. అదే ముఖం, అదే తుపాకి.

"ముత్తాత ఈ ఆటలో ఉన్నాడా?" అని వాడు అడిగాడు. ఇద్దరం వెతికాం. మూడో ఆటలో గూర్ఖాలు ఉన్నారు, ఇండియన్ ఫిరంగి దళం ఉంది. సాపర్లు నాకు కనపడలేదు. అయితే సాపర్ల పని యుద్ధం నిండా ఉంది. నార్మండీ మీద తీసిన సినిమాల్లో చూసి ఉంటారు, పొడుగు గొట్టంలో పేలుడు మందు పెట్టి ముళ్ళకంచె కిందికి తోస్తారు. దాని పేరు బెంగుళూరు టార్పెడో. 1912లో బెంగుళూరులో మద్రాస్ సాపర్స్‌తో ఉన్న కెప్టెన్ మెక్లింటాక్ దాన్ని కనిపెట్టాడు. 1944 జూన్ 6న అమెరికన్లు ఒమాహా తీరంలో దారి చేసుకున్నది దానితోనే. నాన్నగారు కవాతు నేర్చుకున్న ఊరి పేరు అది! వాడు ఎగిరి గంతేశాడు.

ఆ త్రీ నాట్ త్రీ కూడా ఇంగ్లండ్‌లోనే తయారయ్యేది కాదు. కలకత్తా దగ్గర హుగ్లీ నది ఒడ్డున ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఉంది. యుద్ధకాలంలో అక్కడ లక్షల రైఫిళ్ళు తయారయ్యాయి. 1942 నుంచి బ్రెన్ గన్ కూడా అక్కడ చేశారు. ఆ యుద్ధంలో మన దేశంనుంచి సుమారు 25 లక్షలమంది సైన్యంలో పనిచేశారు. మా మనవడి స్కూలు పాఠంలో వాళ్ళకి ఒక్క పేరా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను.

మా ఇంట్లో గుడ్డముక్కకి ఒక మాట ఉండేది. సైకిలు తుడవాలన్నా, లాంతరు చిమ్నీ తుడవాలన్నా నాన్నగారు "అమ్మడూ, ఒక ఫోర్‌బైటూ పట్రా" అనేవారు. నాకది తెలుగు మాటే అనుకునేదాన్ని. పన్నెండేళ్ళు వచ్చాక, కాన్వెంటులో ఇంగ్లీషు బాగా వచ్చాక, అది ఇంగ్లీషని తెలిసింది. అప్పుడు నేను నవ్వాను. "నాన్నగారూ, ఫోర్ బై టూ అంటే లెక్క. నాలుగుని రెండుతో భాగిస్తే రెండు వస్తుంది. గుడ్డని అలా అనరు" అని చెప్పాను. ఇంటికొచ్చిన చుట్టాల ముందు చెప్పాను. ఆయన కూడా నవ్వి, "మీ సిస్టర్లు నేర్పలేదేమోలే" అన్నారు. తర్వాత నా ముందు ఆ మాట వాడటం తగ్గించేశారు.

లీ ఎన్‌ఫీల్డ్ గురించి చదువుతుంటే పోయిన నెల ఆ మాట మళ్ళీ కనపడింది. రైఫిల్ గొట్టం రోజూ శుభ్రం చెయ్యాలి. లేకపోతే కాల్చిన మందు మసికి లోపల తుప్పు పడుతుంది. తుపాకి మడమలో, అంటే భుజానికి ఆనించే చెక్కలో, ఇత్తడి మూత కింద చిన్న నూనె సీసా, ఒక తాడు దాచి ఉంటాయి. నాలుగంగుళాల వెడల్పు ఉన్న మెత్తని గుడ్డ చుట్టలోంచి రెండంగుళాలు చింపి, ఆ తాడుకి కట్టి, గొట్టంలోంచి లాగాలి. నాలుగు అంగుళాలు, రెండు అంగుళాలు. సైన్యంలో ఆ గుడ్డ పేరే ఫోర్ బై టూ.

ఆయన సరిగ్గానే అన్నారు. నాకే తెలియదు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు ఏ బడిలోనూ చెప్పరు. నాకు వచ్చిన ఇంగ్లీషుతో ఆయన ముందు నవ్వాను. అడిగి ఉంటే ఆ గుడ్డ వెనకాల ఇటలీ అంతా చెప్పేవారేమో. ఆయన తెలుగులోనే చెప్పేవారు. అప్పట్లో ఆ తెలుగు నాకు సగమే వచ్చేది. ఇంక అడగడానికి ఆయన లేరు. యాభై దాటాక నేను అక్షరాలు మళ్ళీ దిద్దడానికి ఇలాంటివే కారణాలు.

ఆయన చెప్పని ఇటలీ గురించి ఒక్కటి చదివాను. 1944 ఫిబ్రవరిలో మిన్యానో దగ్గర మద్రాస్ సాపర్స్ సుబేదార్ సుబ్రమణియన్ మందుపాతరలు తీసే పనిలో ఉన్నారు. ఒకటి పేలబోతుంటే, తోటివాళ్ళని కాపాడటానికి దాని మీద పడిపోయారు. చనిపోయాక జార్జ్ క్రాస్ ఇచ్చారు. ఇటలీలో సాంగ్రో నది దగ్గరున్న యుద్ధ శ్మశానంలో, సమాధి లేకుండా దహనం చేసిన భారతీయ సిపాయిల కోసం ఒక స్మారకం కూడా ఉంది. అక్కడ వాళ్ళ పేర్లు చెక్కారు. మనవడికి చూపించాను. వాడు చాలాసేపు పేర్లు చదివాడు. "అమ్మమ్మా, ఆటలో వీళ్ళకి పేర్లు లేవు కదా" అన్నాడు.

ఆట మానెయ్యమని నేను చెప్పలేదు. వాడు ఆడకపోతే నేను ఇదంతా చదివేదాన్నే కాదు. కాని ఇప్పుడు మా ఇంట్లో కళ్ళజోడు తుడవాలంటే వాడు "అమ్మమ్మా, ఫోర్‌బైటూ ఎక్కడ?" అంటాడు. వాడికది తెలుగు మాటే. నేను సరిదిద్దను.

మీ ఇళ్ళల్లో కూడా పెద్దవాళ్ళు వింత మాటలు వాడుతుంటే నవ్వకండి. ఎక్కడిది ఆ మాట అని అడగండి. ఈ వారమే అడగండి.

ఈసారి నేర్చుకోవలసిన మాటలు: తూటా, మరతుపాకి, మందుగుండు, మందుపాతర, ముళ్ళకంచె, తుపాకి మడమ, సిపాయి, దళం, స్మారకం. నా తెలుగులో తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి, దిద్దుకుంటాను.