పంతులమ్మగారికో మినహాయింపు

పుస్తకం అరువిచ్చి మళ్ళీ రాబట్టుకోవడం మన ఇళ్ళల్లో ఎంత పెద్ద యజ్ఞమో వేరే చెప్పాలా! మరి పుస్తకంలోని మాటల్నే అరువు తీసుకుంటే? దానికీ ఒక లెక్కుంది. ఆ లెక్కకి మూడొందల యేళ్ళ చరిత్ర ఉంది.

1710లో, ఇంగ్లండులో ఆన్ రాణి కాలంలో, రచయితకి తన రాతమీద హక్కుందని చట్టం చేశారు. కొత్త పుస్తకానికి పద్నాలుగేళ్ళు, అప్పటికీ రచయిత బతికుంటే మరో పద్నాలుగు. తమాషా ఏమిటంటే, చదువుని ప్రోత్సహించడానికే ఈ చట్టం అని దాని పేరులోనే రాసుకున్నారు!

మన దేశానికి 1847లో కంపెనీవాళ్ళొకటి, 1914లో తెల్లదొరలు ఇంకొకటి తెచ్చారు. స్వతంత్రం వచ్చాక 1957లో మనమే రాసుకున్నాం. రచయిత పోయాక యాభయ్యేళ్ళు అన్నారు. రవీంద్రుడి రచనల గడువు తీరే వేళకి దాన్ని అరవై చేశారు. అందుకే 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన వీరేశలింగంగారు ఇప్పుడు అందరి సొత్తు. 1979లో పోయిన చలంగారి పుస్తకాలకి మాత్రం 2039 చివరిదాకా హక్కుదారులుంటారు.

అయితే చట్టం గురుశిష్యుల్ని మరిచిపోలేదు. పాఠం చెప్పే సందర్భంలో కాపీ తీసుకుంటే తప్పులేదంది. ఈ మాటకే పరీక్ష వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం మీద 2012లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు దావా వేశాయి. పిల్లలు దుకాణం పక్షాన నిలబడ్డారు. 2016 సెప్టెంబరులో హైకోర్టు దావా కొట్టేసింది. డిసెంబరులో ఇద్దరు జడ్జీలు దాన్ని మళ్ళీ విచారించమన్నారు గానీ, పాఠానికి ఎంత అవసరమో అంత తీసుకోవచ్చనే తేల్చారు. 2017లో ప్రచురణకర్తలే కేసు వదులుకున్నారు.

2020లో కరోనా వచ్చి కాలేజీలు ఇళ్ళల్లోకొచ్చేశాయి. మా మూసాపేట సందుల్లో ఏ కిటికీలోంచి విన్నా పాఠాలే! డిగ్రీ పిల్లలకి తెలుగు చెప్పే పక్కింటమ్మాయి, "ఆంటీ, ఈ నవల మొత్తం ఫోటోలు తీసి నెట్‌లో పెట్టేస్తే ఏమవుతుంది? ఊళ్ళకెళ్ళిపోయిన పిల్లలకి లైబ్రరీ ఎక్కడుంది?" అంది.

ఆ బాధ నిజమే. కానీ నవల రాసినావిడ ఇంకా ఉన్నారు. అమ్ముడైన ప్రతి కాపీకీ ఆవిడకి నాలుగు రూపాయలొస్తాయి. "అమ్మాయ్, పాఠానికి కావలసిన ప్రకరణాలు నీ తరగతి పిల్లలకే పంపు. లోకమంతటికీ పంచిపెడితే అది పాఠం కాదు, ప్రచురణ. మొత్తం కావాలంటే ఒక ఉత్తరం రాసి అడుగు" అన్నాను.

రాసింది. ఆ రచయిత్రి సంతోషంగా ఒప్పుకున్నారు. పైగా ఒకరోజు తెరమీదకొచ్చి పిల్లలతో గంటసేపు మాట్లాడారు కూడాను. అడగకుండా తీసుకుని ఉంటే ఆ గంట దక్కేదా చెప్పండి!