ఇరువదియొకటి ఆటలో శాలవారి పాలు

జూదమును మన పూర్వులు సప్తవ్యసనములలో చేర్చిరి. ఋగ్వేదము పదవ మండలమున జూదరి తన దుఃఖమును తానే చెప్పుకొను సూక్త మొకటి కలదు. భారతమున ధర్మరాజు ఓడినది శకుని కపటమువలన; నలుడు ఓడినది కలి ఆవేశించుటవలన. ఇట్లు మనము జూదమందలి ఓటమికి ఎల్లప్పుడును మోసమునో దైవమునో కారణముగ చెప్పుకొనుచు వచ్చితిమి. అయినను ఆ నలోపాఖ్యానముననే వేఱొక మాట దాగియున్నది. ఋతుపర్ణ మహారాజు రథమునుండి చెట్టును చూచి దాని ఆకులను కాయలను లెక్కించి చెప్పెను. ఆ విద్యయే అక్షహృదయమని నలునకు ఉపదేశించెను. దానితో నలుడు మరల ఆడి పోయిన రాజ్యమును గెలుచుకొనెను. పాచికల రహస్యము లెక్కలో నున్నదని ఆ కథ చెప్పినవానికి తెలియును. వినిన మనమే దానిని మంత్రముగ తలంచి ఊరకుంటిమి.

ఈ సంగతి ఇప్పుడు వ్రాయుటకు కారణము కలదు. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు, లాస్ వేగస్ నగరమున ఇరువదియొకటి ఆడు యంత్రముముందు కూర్చుండి ఒక రాత్రి 300 డాలర్లు పోగొట్టుకొన్న కథను నవ్వుచు చెప్పెను. “యంత్రములో మోసమేమియు లేదు మామయ్యా, ప్రభుత్వమువారు పరీక్షించినదే. నూటికి 97 తిరిగి యిచ్చునట. నాకే ఆనాడు అదృష్టము లేకపోయినది” అనెను. అతని మాటలలో మొదటిది సత్యము. రెండవదియు సత్యమే, కాని అతడు దానిని తప్పుగ గ్రహించెను. మూడవది సత్యము కాదు. ఎట్లో చూతము.

బ్లాక్‌జాక్ అని నేడు పిలువబడు ఈ పేకాట చాల ప్రాతది. స్పెయిను రచయిత సెర్వాంటీస్ 1613లో ప్రకటించిన కథలలో ఒకదానియందు ఇరువదియొకటి ఆటలో మోసము చేసి పొట్టపోసికొను కుఱ్ఱవాడు కలడు. ఆట తీరు మన ఇండ్లలో పేక పట్టిన ప్రతివారికిని సులభముగ తెలియును. ముక్కలమీది అంకెలను కూడవలెను, బొమ్మముక్కలకు పది, ఆసునకు ఒకటియైనను పదునొకండైనను లెక్కించుకొనవచ్చును. మొత్తము 21కి దగ్గరగ నున్నవాడు గెలుచును. 21 దాటినవాడు చెడును. ఆటగాడు తనకు చాలుననుకొనువఱకు ముక్కలు తీసికొనును. శాలవారి పక్షమున పంచువానికి మాత్రము స్వేచ్ఛ లేదు: 16 వఱకు తీయవలెను, 17 రాగానే ఆగవలెను.

చూచుటకు ఇరుపక్షములకు న్యాయము సమముగనే యున్నది. మఱి శాలవారి లాభ మెచ్చటనుండి వచ్చును? ఆట వరుసనుండి. ముందుగ ఆడవలసినవాడు ఆటగాడు. అతడు 21 దాటినచో పందెపు సొమ్ము తత్‌క్షణమే శాలవారి వశమగును. పిమ్మట పంచువాడు తానును 21 దాటినను ఆ సొమ్ము తిరిగి రాదు. పంచువాడు చెడుట నూటికి సుమారు 28 మారులు జరుగును. ఆటగాడును పంచువాని నియమమునే అనుసరించినచో అతడును అంతియే చెడును. 28లో నూటికి 28 చొప్పున, అనగా నూటికి దాదాపు 8 ఆటలలో, ఇద్దఱును చెడుదురు. ఆ ఎనిమిదియును శాలవారివే. శాలవారి పాలు అనగా ఇదియే. ఇందు దొంగముక్క లేదు, చేతివాటము లేదు.

ఈ ఎనిమిదిని తగ్గించుటకు ఆటగానికి కొన్ని సౌకర్యము లీయబడినవి. వానిలో ముఖ్యమైనది మొదటి రెండు ముక్కలలోనే ఆసును పదియు వచ్చినప్పుడు రెండు డాలర్ల పందెమునకు మూడు డాలర్లిచ్చుట. ఇట్టి జోడి 21 ఆటలకు ఒకమారు వచ్చును. ఇదిగాక పందెమును రెట్టించుట, జోడిముక్కలను విడదీయుట యున్నవి. వీనిని సరిగ వాడుకొనినవానికి నష్ట మెంత? నెవడా రాష్ట్రమువారు 1931లో జూదమును శాసనసమ్మతము చేసిన తరువాత పాతిక సంవత్సరములు లక్షలమంది ఈ ఆట నాడిరి గాని, ఈ ప్రశ్నకు సరియైన సమాధానము ప్రకటితము కాలేదు.

సమాధానము చెప్పినవారు జూదరులు కారు, నలుగురు సైనికులు. మేరీలాండు రాష్ట్రమున ఎబర్డీన్ సైన్యస్థలమున నుండిన బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మాట్ అనువారు తీరిక సాయంకాలములందు, బల్లమీద పెట్టుకొని మీటలు నొక్కెడి లెక్కయంత్రములతో, ఏ ముక్కలు వచ్చిన ఏమి చేయవలెనో నెలల తరబడి గుణించి, 1956 సెప్టెంబరులో అమెరికా గణాంకశాస్త్ర పరిషత్పత్రికలో ఫలితమును ప్రకటించిరి. సక్రమముగ ఆడినవానికి శాలవారి పాలు నూటికి ఒకటికంటె తక్కువయని వారు తేల్చిరి. జీతమునకు మించి ప్రతిఫల మాశింపక ఆ యువకులు చేసిన ఆ శ్రమ నాకు ఈ చరిత్రలో మిక్కిలి ప్రియమైన భాగము.

ఆ వ్యాసమును ఎడ్వర్డ్ థార్ప్ అను గణితాచార్యుడు చదివెను. 1958 క్రిస్మసు సెలవులలో లాస్ వేగస్ వెళ్లి, సైనికుల లెక్కలను చిన్న చీటిమీద వ్రాసికొని, పది డాలర్లతో ఆడి ఎనిమిదిన్నర పోగొట్టుకొనెను. కాని అతనికి పోయిన సొమ్ముకంటె విలువైన ఊహ తోచెను. బల్లమీదికి వచ్చిన ముక్కలు మరల పేకను కలుపువఱకు తిరిగి రావు. చిన్నముక్కలు ముందుగ పోయి ఆసులు, పదులు మిగిలియున్నప్పుడు ఆట ఆటగాని వైపు మొగ్గును. అప్పుడే పెద్ద పందెము లొడ్డవలెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయపు ఐ.బి.ఎం. 704 కంప్యూటరుతో దీనిని నిరూపించి 1961లో వ్యాసమును, 1962లో గ్రంథమును వెలువరించెను. ఋతుపర్ణుని విద్య ఇంగ్లీషులో అచ్చుపడినది.

శాలవారు బెదరిరి. 1964లో లాస్ వేగస్ శాలలు నియమములను కఠినము చేసినవి. జనులు రాకుండుటచే కొలది వారములలోనే వెనుకకు తీసికొనినవి. తరువాత ఒక పేకకు బదులు నాలుగైదు పేకలు కలిపి పంచసాగినవి. లెక్కించువానిని మర్యాదగనో మర్యాద లేకయో బయటకు పంపసాగినవి. ఇంతలో 1970 దశకమున తెరమీద ముక్కలు చూపు యంత్రములు వచ్చినవి.

ఈ యంత్రము సామాన్యముగ ప్రతి ఆటకును పేకను క్రొత్తగ కలుపును. కావున పోయిన ముక్కను గుర్తుంచుకొనుట నిష్ఫలము. థార్ప్ విద్య అచ్చట పనికిరాదు. రెండవ మార్పు ఇంకను నిశ్శబ్దమైనది. ఆసును పదియు కూడినప్పుడు పెక్కు యంత్రములు రెంటికి మూడు కాక, పెట్టినంత మాత్రమే ఇచ్చును. 21 ఆటలకు ఒకమారు తగ్గు అరడాలరు ఏపాటిదని తోచును. దానివలన శాలవారి పాలు నూటికి 2.3 పెరుగును. నెవడా నియమముల ప్రకారము పేకను చూపు యంత్రమున ప్రతి ముక్కయు నిజమైన పేకలో వచ్చునంత తఱచుగనే రావలెను; పరీక్షకులు దానిని విడిచిపెట్టరు. అయినను ముక్క వచ్చినప్పుడు ఎంత ఈయవలెనో నిర్ణయించుట యంత్రము పెట్టినవారి చేతిలోనిదే. మోసము చేయనక్కఱలేని చోట మోసమేల చేయుదురు?

నూటికి 97 అను మాటను మా మేనల్లునివలెనే అందఱును అపార్థము చేసికొందురు. జేబులో తెచ్చిన నూఱు డాలర్లలో 97 మిగులునని వారి తలంపు. ఆ 97 ప్రతి పందెమునకు వేఱువేఱుగ వర్తించును. నూటిని ఒకమారు త్రిప్పిన 97. దానిని మరల త్రిప్పిన 94. పదిమారులు త్రిప్పునప్పటికి సగటున 74. ఇరువదిమూడు మారులకు సగము కూడ మిగులదు. బల్లవద్ద మనుష్యుడు పంచునప్పుడు గంటకు అఱువది, డెబ్బది ఆటలు జరుగుట ఎక్కువ. యంత్రమువద్ద పంచువాడు అలయడు, ప్రక్కవాడు ఆలోచింపడు.

మన దేశమున ఇది దూరపు సంగతి కాదు. గోవా ప్రభుత్వము 1992లో తన జూదశాసనమును సవరించి అయిదు నక్షత్రముల హోటళ్లలో యంత్రజూదమునకు అనుమతి నిచ్చెను. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను అంతర్జాలపు జూదమును నిషేధించినవి. పార్లమెంటు 2025లో దేశమంతటికిని అట్టి శాసనము చేసినది. శాసనము తలుపు మూయగలదు. ఇంటిలోని యువకునికి లెక్క నేర్పుట శాసనము పని కాదు.

కాన నేను మా మేనల్లుని ముందు కాగితము పెట్టితిని. ఎంత పందెమని అడిగితిని. ఆటకు 5 డాలర్లనెను. ఎంతసేపనగా, అయిదు గంటలనెను. ఒక ఆటకు తొమ్మిది క్షణములు పట్టినదని ఇద్దఱము ఒప్పుకొంటిమి. గంటకు 400 ఆటలు, మొత్తము 2,000. ఒడ్డిన సొమ్ము 10,000 డాలర్లు. నూటికి మూడు చొప్పున 300. అదృష్టము బాగున్న నూఱు గెలిచియుండును, చెడిన అయిదాఱు వందలు పోయియుండును. కాని అతనికి సరిగ లెక్క ప్రకారమే జరిగినది.

అతడు చాలసేపు ఆ కాగితము చూచి, “పదివేలా? నేను పదివేలు ఒడ్డితినా?” అనెను. ఆసును పదియు వచ్చినప్పుడు యంత్ర మెంత ఇచ్చినదని అడిగితిని. అది అతడు చూడలేదట.