కండబలమును గూర్చిన యొక సిద్ధాంతము



మన బేతంచెర్ల నాపరాతి గనులలో పనివారు పలకను లేపుటకు ముందు సుత్తెతో మెల్లగా తట్టి, ఆ ధ్వనిని చెవియొగ్గి వినుట నేను పలుమాఱులు చూచితిని. లోపలి పొర యెచ్చట విడునో వారు ముందే యూహింతురు. శాస్త్రజ్ఞుల సిద్ధాంతమును ఇట్టి యూహయే యని నాకు తోచును. ఆ సుత్తె నెత్తు చేతికి బలమెక్కడిది? దీనిని వెదకినవారిలో మన తెలుగువాడొకడు కలడు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, మద్రాసున వైద్యము చదివి, అమెరికాలోని బోస్టను నగరమునకు చేరిరి. కండరమునందు లాక్టికామ్లము పుట్టుటచేతనే కండ ముడుచుకొనునని నాటి పండితుల మతము. ఈ శాఖయందు కృషిచేసిన హిల్, మేయర్‌హాఫ్ అనువారికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను. అది వట్టిమాట కాదు; కండలోని వేడిని, అది పీల్చు ప్రాణవాయువును కొలిచి చెప్పినది. లెక్క కుదిరినచోట సందేహించుట కష్టము.

సుబ్బారావుగారు సందేహింపవలెనని బయలుదేరలేదు. హార్వర్డునందు ఫిస్కేగారితో కలసి భాస్వరమును నీలిరంగునుబట్టి కొలుచు పద్ధతి నొకదానిని 1925లో ప్రకటించిరి. కండరసమును అట్లు పరీక్షింపగా రంగు ఆలస్యముగా వచ్చుచుండెను. మఱియొకరైన మందు చెడినదని పారబోసియుందురు. వీరో, ఏదో పదార్థము మెల్లగా విడిపోయి భాస్వరమును వదలుచున్నదని తలచిరి. అదియే 1927లో వెలువడిన ఫాస్ఫోక్రియాటిన్. కండ పనిచేయునపుడు అది తఱుగును, విశ్రమించినపుడు మరల కూడును. సుత్తె దించి రెండు నిమిషములు నిలుచు కూలివాని భుజములో జరుగునది యిదే. 1929లో ఏటీపీ యను పదార్థమును గూడ వేఱుచేసిరి. జర్మనీలో లోమన్ అనునాతడును ఆ యేడే దానిని కనుగొనెను.

1930లో డెన్మార్కు దేశీయుడగు లుండ్స్‌గార్డ్, లాక్టికామ్లము పుట్టకుండ విషము పెట్టినను కండ ముడుచుకొనుటను చూపెను. పాత సిద్ధాంతము కూలెను. కాని అది నిరర్థకమనజాలము. అంత స్పష్టముగా చెప్పియుండనిచో దానిని పడగొట్టుట కేది చాలునో తెలిసెడిది కాదు. హిల్ పండితుడే 1932లో ఈ శాఖయందు విప్లవము వచ్చినదని వ్రాసెను. ఇట్టి యొప్పుకోలు పండితులలో అరుదు సుమా!

1941లో లిప్‌మన్ ఈ పరీక్షాఫలముల నన్నిటిని గూర్చి, భాస్వరపు బంధమును శక్తి నిలువగా ఒక వంకరగీతతో చూపు నమూనా కల్పించెను. ఏటీపీ మన కండకే కాదు, మొలకెత్తు కొఱ్ఱగింజలోని కణమునకును శక్తినిచ్చుచున్నది. సుబ్బారావుగారు 1940లో హార్వర్డును వీడి మందుల పరిశోధనకు తరలి, 1948 ఆగస్టులో న్యూయార్కున మరణించిరి. స్వదేశమును మరల చూడలేదు.