అర్థశాస్త్ర బోధనలో భిన్న వాదాలు

భిన్న వాదాల బోధన అంటే, డిగ్రీ అర్థశాస్త్రాన్ని ఒకే సిద్ధాంతానికి పరిమితం చేయకుండా నవ్య సంప్రదాయ, కీన్సియన్, మార్క్సిస్టు, సంస్థాగత, పర్యావరణ వాదాలను పక్కపక్కన పెట్టి నేర్పే పద్ధతి. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత దీనికి గిరాకీ పెరిగింది. 2014లో పలు దేశాల విద్యార్థి సంఘాలు ఈ మార్పు కోరుతూ ఉమ్మడి లేఖ విడుదల చేశాయి.

కృష్ణా డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో ఇలాంటి భిన్న వాదాలు ఊళ్లలోనూ వినిపించాయి. నిడుబ్రోలులో పుట్టిన ఆచార్య ఎన్.జి. రంగా (1900–1995) ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్రం బోధించారు. తర్వాత సొంత ఊళ్లోనే రైతు కార్యకర్తలకు విద్యాలయం నెలకొల్పారు. సొంత భూమిని సాగుచేసుకునే రైతు ఆయన ఆలోచనకు కేంద్రం. ఆ పట్టుతోనే ఉమ్మడి సహకార సేద్యాన్ని వ్యతిరేకించి, 1959లో స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు.

వామపక్షాల దారి వేరు. 1937లో కొత్తపట్నంలోనూ, 1938లో బాపట్ల దగ్గరి మంతెనవారిపాలెంలోనూ వేసవి రాజకీయ పాఠశాలలు నడిచాయి. ఇంకోవైపు తెనాలిలో న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి వంటివారు ఆలోచనాపరుడు ఎం.ఎన్. రాయ్ నవ్య మానవవాదాన్ని ప్రచారం చేశారు.

ఈ భేదాలను తరగతికి తేవడానికి 1944 మంచి ఉదాహరణ. దేశ ఆర్థికాభివృద్ధికి పారిశ్రామికవేత్తల బొంబాయి ప్రణాళిక, రాయ్ అనుచరుల ప్రజా ప్రణాళిక, శ్రీమన్నారాయణ్ అగర్వాల్ గాంధేయ ప్రణాళిక ఆ ఒక్క ఏడాదిలోనే వచ్చాయి. పెద్ద పరిశ్రమా, ప్రజల నిత్యావసరాలా, గ్రామ స్వావలంబనా? ఏది ముందన్నదే తగువు.

డెల్టాలో కౌలు మరో పాఠం. నవ్య సంప్రదాయవాది దాన్ని నష్టభయాన్ని పంచుకునే ఒప్పందంగా చూస్తాడు. మార్క్సిస్టు పంటలో ఎవరి వాటా ఎంతని అడుగుతాడు. సంస్థాగతవాది కౌలుదారులకు ఇచ్చిన 2011 నాటి రుణ అర్హత కార్డులనూ, 2019 పంట సాగుదారు హక్కుల చట్టాన్నీ పరిశీలించి, కార్డు ఉన్న కౌలుదారుకు బ్యాంకు అప్పు అందుతోందా అని ఆరా తీస్తాడు. నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులుంటే, పక్క పొలాలకు ఎక్కే ఉప్పును ఎవరి ఖర్చు కింద రాయాలన్నది పర్యావరణవాది ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులు చేయాల్సిన సామాజిక సేవా ప్రాజెక్టులో ఇలాంటి సర్వేకు చోటుంది. ఒకే ఊరి కౌలు లెక్కలను నాలుగు బృందాలు నాలుగు వాదాలతో విశ్లేషించి, తేడా ఎక్కడ వచ్చిందో తరగతిలో చర్చించవచ్చు.