బౌబజారు వంటవాళ్ల విహారం

భారతదేశంలో బౌద్ధం మళ్లీ తలెత్తిన కథ చెప్పుకునేటప్పుడు మనం పండితులను, తవ్వకాలను, మహానాయకులను తలచుకుంటాం. పొట్ట చేతపట్టుకుని పట్నం చేరిన వలసజీవులు గుర్తుకు రావడం తక్కువ. కలకత్తాలోని బౌబజారు చరిత్ర చూస్తే వాళ్ల వాటా ఎంతో తెలుస్తుంది.

చిట్టగాంగు ప్రాంతపు బరువాలు బెంగాలీ మాట్లాడే బౌద్ధులు. దేశంలో చాలాచోట్ల ధమ్మం కనుమరుగైనా వారి పల్లెల్లో నిలిచింది. 19వ శతాబ్దం మధ్యలో అరకాన్ నుంచి వచ్చిన సారమేధ మహాథేరో ఆ సంఘాన్ని వినయ నియమాల బాటలో మళ్లీ నిలబెట్టారు. బతుకుతెరువు కోసం కలకత్తా వెళ్లిన బరువాలలో చాలామంది వంటవాళ్లు. దొరల ఇళ్లలో, హోటళ్లలో, ఓడల్లో వాళ్ల చేతివంటకు పేరుండేది. వాళ్లను 'మగ్ వంటవాళ్లు' అనేవారు. ఒకప్పుడు అరకాన్ సముద్రపు దొంగలకు వాడిన మాట అది. వంట నచ్చినా, వండేవాడి పేరులో చిన్నచూపు మిగిలిందన్నమాట.

1886లో కృపాశరణ్ అనే యువ భిక్షువు చిట్టగాంగు నుంచి ఆ నగరానికి వచ్చారు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు. తనవాళ్లు పూజకూ సమావేశానికీ చోటులేక ఉండటం చూసి, 1892లో బౌద్ధ ధర్మాంకుర సభను స్థాపించారు. మొదట అద్దె ఇంట్లో సాగిన పనికి 1903 నాటికి సొంత విహారం ఏర్పడింది. 1908లో 'జగజ్జ్యోతి' పత్రిక వచ్చింది. గ్రంథాలయం, ఉచిత పాఠశాల వెలిశాయి. ఆ వీధి నేడు బుద్ధిస్ట్ టెంపుల్ స్ట్రీట్.

ఆ విహారానికి ఇరుగుపొరుగు ఎవరు? పక్కనే ఆంగ్లో ఇండియన్లు నివసించే బో బ్యారక్స్. కొంచెం దూరంలో టిరెట్టా బజార్. దానికి ఆ పేరు ఒక ఇటలీవాడి వల్ల వచ్చింది. అక్కడ చీనా వడ్రంగులు, చెప్పుల తయారీదారులు స్థిరపడ్డారు. 1905 నాటి సీ ఇప్ చీనా ఆలయం ఇప్పటికీ ఉంది. నఖోదా మసీదు, మాగెన్ డేవిడ్ యూదు మందిరం, అర్మేనియన్ చర్చి కూడా నడిచిపోయేంత దూరంలోనే ఉన్నాయి.

మన నేల నుంచి కూడా ఒకటి అక్కడికి చేరింది. 1920లో కాలేజీ స్క్వేర్‌లో మహాబోధి సొసైటీ ప్రారంభించిన ధర్మరాజిక చైత్య విహారంలో ప్రతిష్ఠించిన బుద్ధధాతువు భట్టిప్రోలు స్తూపంలోనిది. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో అది బయటపడింది.

అయితే ఈ కథలో అంతా మైత్రే ఉందనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. 1962లో చైనాతో యుద్ధం రాగానే, తరాలుగా ఇక్కడే బతికిన చీనా కుటుంబాలు ఒక్కసారిగా అనుమానితులయ్యాయి. అస్సాం, ఉత్తర బెంగాల్ ప్రాంతాల నుంచి దాదాపు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించారు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. కలకత్తా చీనీయుల మీదా నిఘా, ఆంక్షలు వచ్చాయి. తర్వాత ఎందరో కెనడా వంటి దేశాలకు వెళ్లిపోయారు.

ఈ బాధ తెలుగువారికి కొత్త కాదు. 1930 మేలో రంగూన్ రేవులో సమ్మె చేసిన తెలుగు కూలీల స్థానంలో యజమానులు బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె ముగియగానే వాళ్లను తీసేశారు. ఇద్దరు పేదల మధ్య రగిలిన ఆ చిచ్చులో మనవాళ్లు పెద్దసంఖ్యలో చనిపోయారు. అది బౌద్ధులు అధికంగా ఉన్న దేశంలోని నగరం. త్రిశరణాలు పలికినంత మాత్రాన పరాయివాడి మీద ద్వేషం పోదని మనం ఒప్పుకోవాలి. మైత్రిని రోజూ సాధన చేయాల్సిందే.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు దీక్ష ఇచ్చిన చంద్రమణి మహాథేరో కూడా అరకాన్‌లో పుట్టి, కుశీనగరంలో స్థిరపడినవారే. 'బయటివాళ్లు' అని ఆయననూ, కృపాశరణ్‌నూ వెనక్కి పంపి ఉంటే మన చరిత్ర మరోలా ఉండేది.

నేడు మన పట్టణాల్లో ఒడిశా, బీహార్, అస్సాం కూలీలు ఇళ్లు కడుతున్నారు, హోటళ్లలో వండుతున్నారు. వాళ్ల భాష మనకు రాదు, వాళ్ల పేర్లు మనం అడగం. వచ్చే వైశాఖ పౌర్ణమికి మన విహారాల్లో వాళ్లనూ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుందాం. ధర్మాంకుర సభ మొలకెత్తింది అలాంటి వంటవాళ్ల మధ్యనే.