సరిహద్దు అవతలి నగరం

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మద్రాసు మనకు దక్కలేదు. అయితే పరిపాలనకు గీసిన గీత సాహిత్యానికి వర్తించిందా? వర్తించలేదనే నా అభిప్రాయం.

1914లో ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా వెలువడింది. అక్కణ్ణుంచే 1924లో భారతి, 1947లో చందమామ వచ్చాయి. తెనాలి ప్రాంతంనుంచి వెళ్ళిన చక్రపాణి అక్కడే స్థిరపడ్డాడు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేదాకా చందమామ బాధ్యత వహించాడు. 1983లో శ్రీశ్రీ కన్నుమూసిందీ ఆ నగరంలోనే. అచ్చుయంత్రం, స్టూడియో ఎక్కడుంటే రచయితకు కూడు అక్కడే.

దీన్ని నగర ప్రభావం అని సరిపెట్టడం సగం సత్యమే అవుతుంది. 19వ శతాబ్ది మధ్యలో కృష్ణకు ఆనకట్ట పడింది. డెల్టా వరిచేల మిగులులో కొంత క్రమంగా మద్రాసు సినిమాకు పెట్టుబడి అయింది. డబ్బుతోపాటు డబ్బుగలవారి భాషా వెళ్ళింది. కృష్ణా, గుంటూరు జిల్లాల చదువుకున్న వర్గాల పలుకుబడి తెరమీద ప్రామాణికమై, తిరిగి మనమీదికే వచ్చింది. తెలంగాణ మాట, కూలివాడి మాట చాలాకాలం హాస్యపాత్రలకే మిగిలాయి.

నగరం చేసిన మేలునూ కాదనలేం. 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీసిన గూడవల్లి రామబ్రహ్మం అక్కడినుంచే అస్పృశ్యతనూ, జమీందారీనీ ప్రశ్నించాడు. కాని 1943లో అభ్యుదయ రచయితలు తాపీ ధర్మారావు అధ్యక్షతన సమావేశమై సంఘంగా ఏర్పడింది తెనాలిలో. ఉద్యమం ఉంటే చిన్న పట్నమైనా కేంద్రమవుతుందని ఆ సభ రుజువు చేసింది.

మా నల్లపాడు జంక్షనులో ఒక రైలుమార్గం గుంటూరు, తెనాలి మీదుగా మద్రాసు దారి పడుతుంది. ఇంకొకటి పగిడిపల్లి మీదుగా హైదరాబాదు వెళుతుంది. సినిమా కూడా అలాగే దారి మార్చుకుని క్రమంగా హైదరాబాదు చేరింది. 2014 జూన్ 2న ఆ నగరమూ పొరుగు రాష్ట్రానిదైంది. అరవై యేళ్ళలో రెండుసార్లు మన సాంస్కృతిక కేంద్రం సరిహద్దు అవతల నిలిచింది.

రెండుసార్లూ మనం రాజధాని పోయిందనే బాధపడ్డాం. ఆ రెండు నగరాల్లోనూ నల్లరేగడి చేలో పత్తి తీసే మనిషి మాటకు, మిరపకాయ తొడిమలు తుంచే స్త్రీ మాటకు దక్కిన చోటు ఎంత? రేపు మన గడ్డమీదే మహానగరం వెలిసినా, పెట్టుబడి ఎవరిదో భాషా వారిదే అయితే, నల్లపాడుకు అదీ పొరుగురాష్ట్రమే. ఆ దూరాన్ని తగ్గించే పని రచయితలదీ, వారిని నిలదీసే పాఠకులదీ.